షేర్డ్ డేటాబేస్ సరిపోతుందా, సొంతది కావాలా? కొత్త వెబ్ డెవలపర్లకు సమగ్ర మార్గదర్శి

మా పిన్ని రాజమండ్రిలో పచ్చళ్ళ వ్యాపారం చేస్తుంది. ఆమెకు సైటు కట్టింది నేనే. పేజీలు నడిపేది పీహెచ్‌పీ, డేటా దాచే డేటాబేస్ మై ఎస్‌క్యూఎల్. నెలకు కొన్ని వందల రూపాయల షేర్డ్ హోస్టింగ్. మూడేళ్ళు ఏ ఇబ్బందీ రాలేదు. నాలుగో ఏడు ఏప్రిల్‌లో, కొత్తావకాయ బుకింగులు తెరిచిన రాత్రి పదకొండున్నరకు ఫోన్ వచ్చింది.

"ఒరేయ్, అమెరికా వాళ్ళు ఆర్డర్ పెడుతుంటే తెల్ల పేజీ మీద ఏదో ఇంగ్లీషు ముక్క వస్తోందట్రా. డల్లాస్ నుంచి ఇది మూడో ఫోన్."

చూస్తే డేటాబేస్ కనెక్షన్లు అయిపోయాయన్న ఎర్రర్. ఆ టెన్షన్‌లో నేను చేసిన మొదటి పని, అదే హోస్టింగ్‌లో ఇంకా ఖరీదైన ప్లాన్ కొనడం. పది నిమిషాలు బాగానే ఉన్నట్టు కనిపించి మళ్ళీ అదే ఎర్రర్. తెల్లవారాక కూర్చుని చూస్తే అసలు సంగతి బయటపడింది. ఆర్డర్ల టేబుల్లో ఫోన్ నంబర్ కాలమ్‌కు ఇండెక్స్, అంటే పుస్తకం చివరి పదసూచిక లాంటిది, లేదు. పాత కస్టమరా కాదా అని చూడటానికి ప్రతి ఆర్డర్‌కూ టేబుల్ మొత్తం మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదువుతోంది. ఒక్క లైను రాసి ఇండెక్స్ పెట్టాక ఆ సీజనంతా పాత షేర్డ్ ప్లాన్ మీదే నడిచేది; డబ్బు మాత్రం అప్పటికే కట్టేశాను.

ఆ తర్వాత ఏడాదికి ఆ సైటును నిజంగానే సొంత సర్వర్‌కు మార్చాను. అప్పుడు కారణం వేరు, అది అంకెల్లో కనిపించింది. ఈ రెండు సందర్భాలకూ తేడా ఎలా తెలుసుకోవాలో, మారాల్సి వస్తే ఎలా మారాలో కొత్తగా వచ్చేవాళ్ళకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

అసలు తేడా ఎక్కడుంది

షేర్డ్ డేటాబేస్ హోస్టింగ్ అంటే ఒకే మెషీన్ మీద ఒకే మై ఎస్‌క్యూఎల్ సర్వర్ నడుస్తూ, అందులో వందల మంది డేటాబేసులు పక్కపక్కన ఉండటం. మీ డేటా మీదే, పక్కవాడు చూడలేడు. కానీ ప్రాసెసర్, మెమరీ, డిస్క్ అందరివీ. హోస్టింగ్ నిర్వహణ పేజీ సీప్యానెల్‌లో డేటాబేస్ సృష్టిస్తే పేరుకు ముందు మీ అకౌంట్ పేరు దానంతటదే చేరుతుంది, గమనించే ఉంటారు. ఒకే సర్వర్‌లో ఇద్దరి డేటాబేసులకు ఒకే పేరు రాకూడదు కాబట్టి అలా చేస్తారు.

ఇది కాలువ కింద వ్యవసాయం లాంటిది. నీరు చవక, గట్ల బాగోగులు ఇరిగేషన్ వాళ్ళు చూసుకుంటారు. కానీ ఎగువ రైతులు ఒక్కసారిగా తూములు ఎత్తితే చివరి ఆయకట్టుకు నీరందదు. డెడికేటెడ్ అంటే సొంత బోరు. నీరు మీ చేతిలో ఉంటుంది, మోటారు కాలినా మీదే బాధ్యత.

డెడికేటెడ్ అనే మాటను అమ్మేవాళ్ళు మూడు వేర్వేరు వస్తువులకు వాడుతున్నారు. కొనే ముందు ఏది కొంటున్నారో తెలియాలి.

మొదటిది వీపీఎస్. పెద్ద మెషీన్‌లో మీకంటూ కొంత మెమరీ, ప్రాసెసర్ కేటాయించిన వర్చువల్ సర్వర్. అందులో మై ఎస్‌క్యూఎల్‌నో, మరియాడీబీనో, పోస్ట్‌గ్రెస్‌నో మీరే ఇన్‌స్టాల్ చేసుకుంటారు. రెండోది మేనేజ్డ్ డేటాబేస్, అంటే అమెజాన్ ఆర్‌డీఎస్ లాంటి సేవ. 2009లో అమెజాన్ దాన్ని మొదలుపెట్టాక ఈ పద్ధతి బాగా వ్యాపించింది. బ్యాకప్‌లు, ప్యాచ్‌లు (లోపాలు సరిచేసే అప్‌డేట్లు) వాళ్ళే చూస్తారు. ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి, డేటాబేస్ పూర్తి అడ్మిన్ హక్కుల్లోకి మిమ్మల్ని రానివ్వరు. మూడోది భౌతికంగా ఒక మెషీన్ మొత్తం మీకే ఇవ్వడం. కొత్తవాళ్ళకు దీని అవసరం దాదాపు రాదు, అందుకే ఇక్కడితో వదిలేస్తున్నాను.

మేనేజ్డ్ సేవల్లో చవక సైజుల గురించి ఒక హెచ్చరిక. వాటిలో చాలావరకు బరస్టబుల్ రకం. వాడకం తక్కువగా ఉన్నప్పుడు ప్రాసెసర్ క్రెడిట్లు కూడబెట్టుకుని, రద్దీ వచ్చినప్పుడు ఖర్చు పెడతాయి. క్రెడిట్లు అయిపోతే వేగం తగ్గుతుంది, లేదా అదనపు బిల్లు పడుతుంది. డేటాబేస్ మీ ఒక్కరిదే అయినంత మాత్రాన పూర్తి వేగం ఎప్పుడూ మీకే అని కాదు.

మొదటి అడుగు: మీ ప్లాన్ అసలు ఏమిస్తోందో రాసుకోండి

"అన్‌లిమిటెడ్ డేటాబేసులు" అని ప్లాన్ పేజీలో ఉంటుంది. అది డేటాబేసుల సంఖ్య గురించి మాత్రమే. వాడకానికి హద్దులు వేరేచోట ఉంటాయి. సపోర్ట్‌కు ఈ ప్రశ్నలు పంపి, జవాబులు ఒక ఫైల్లో పెట్టుకోండి: ఒక యూజర్‌కు ఒకేసారి ఎన్ని కనెక్షన్లు ఇస్తారు? గంటకు క్వెరీల (డేటాబేస్‌కు పంపే ప్రశ్నల) పరిమితి ఉందా? నడుస్తున్నది మై ఎస్‌క్యూఎలా, మరియాడీబీనా, ఏ వెర్షన్? ఎస్‌ఎస్‌హెచ్ (కమాండ్లతో సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) ఇస్తారా? బ్యాకప్ ఎన్ని రోజులకోసారి, దాన్ని నేనే వెనక్కి తెచ్చుకోగలనా? మెషీన్ ఏ ఊళ్ళో ఉంది?

వీటిలో ముఖ్యమైనది కనెక్షన్ల సంఖ్య. మామూలుగా మై ఎస్‌క్యూఎల్ సర్వర్ మొత్తానికి డిఫాల్ట్ హద్దు 151. షేర్డ్ సర్వర్‌లో ఆ హద్దును పెంచుకున్నా, మళ్ళీ ఒక్కో యూజర్‌కు వేరే చిన్న హద్దు పెడతారు. మా ప్లాన్‌లో అది 15. ఎర్రర్ వచ్చినప్పుడు నంబర్ చూడండి. 1040 అయితే సర్వర్ మొత్తం నిండిపోయింది, అది ఇరుగుపొరుగు వల్ల కావచ్చు. 1203 గానీ 1226 గానీ అయితే మీ వాటా మీరే నింపేశారు. ఆ రాత్రి నేను ఈ నంబర్ చూసి ఉంటే ప్లాన్ కొనేవాణ్ణి కాదు.

రెండో అడుగు: కొలవండి

నన్నడిగితే మార్గదర్శి మొత్తంలో ఇదే అసలు పని. తీరిక లేకపోతే మిగతావి తర్వాత చదవండి, ఇది మాత్రం ఈ వారమే చేయండి.

షేర్డ్ హోస్టింగ్‌లో స్లో క్వెరీ లాగ్, అంటే సర్వర్ రాసే నెమ్మది క్వెరీల చిట్టా, సాధారణంగా మన చేతికి రాదు. ప్రాసెస్ లిస్ట్ అడిగితే మన కనెక్షన్లే కనిపిస్తాయి, పక్కవాళ్ళవి కనిపించవు. కాబట్టి కొలత మన కోడ్‌లోనే పెట్టుకోవాలి. మీ సైటులో క్వెరీలన్నీ ఒకే ఫంక్షన్ గుండా వెళ్ళేలా చేయండి. క్వెరీ పంపే ముందు టైమ్ తీసుకోండి, జవాబు వచ్చాక మళ్ళీ తీసుకోండి. తేడా 200 మిల్లీసెకన్లు దాటితే ఆ క్వెరీని, పట్టిన సమయాన్ని, పేజీ పేరును ఒక టెక్స్ట్ ఫైల్లో రాయించండి. పేజీ పూర్తయ్యేటప్పుడు ఆ పేజీ మొత్తం ఎన్ని క్వెరీలు పంపిందో కూడా రాయించండి.

ఇది మీ క్వెరీల సంగతి. పొరుగువాళ్ళ సంగతి తెలుసుకోవడానికి ఇంకో చిన్న పని ఉంది. నిమిషానికోసారి దానంతటదే నడిచే పని, అంటే క్రాన్ జాబ్, ఒకటి పెట్టండి. అది డేటాబేస్‌కు కనెక్ట్ అయి రెండే రెండు పనులు చేయాలి. ఒకటి, టేబుల్ జోలికి పోకుండా ఒట్టి 1 అనే అంకెను సెలెక్ట్ చేయడం. రెండు, ఇండెక్స్ ఉన్న కాలమ్ ద్వారా, ప్రతిసారీ వేరే ఐడీతో, ఏదో ఒక పాత వరుసను తెచ్చుకోవడం. రెంటికీ పట్టిన సమయాన్ని తేదీ, గంటతో సహా ఫైల్లో రాయాలి. కొన్ని షేర్డ్ ప్లాన్లు నిమిషానికోసారి క్రాన్ ఒప్పుకోవు. 5 నిమిషాలకోసారి అయినా పని జరుగుతుంది.

వారం తర్వాత ఆ ఫైలును స్ప్రెడ్‌షీట్‌లో తెరవండి. మీ సైటుకు ఎవరూ రాని వేళల్లో, తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో, ఈ చిన్న క్వెరీల సమయం ఒక్కసారిగా ఎగసి పడుతుంటే అది మీ తప్పు కాదు. ఎవరో పొరుగువాడు బ్యాకప్‌నో, భారీ రిపోర్టునో నడుపుతున్నాడు. ఒట్టి 1 కూడా ఆలస్యంగా వస్తుంటే ప్రాసెసర్ మీదో, కనెక్షన్ల మీదో ఒత్తిడి. 1 త్వరగా వచ్చి వరుస మాత్రం ఆలస్యమైతే డిస్క్ మీద ఒత్తిడి, లేదా మీ డేటాను మెమరీలోంచి పొరుగువాళ్ళ డేటా తోసేసింది. అలా కాక, మీ సైటు రద్దీగా ఉన్నప్పుడే ఆలస్యం వస్తుంటే ముందు మీ కోడ్ చూసుకోండి.

మూడో అడుగు: మీ ఇల్లు చక్కబెట్టుకోండి

నెమ్మది క్వెరీల ఫైల్లో పైకి తేలిన వాటిని ఒక్కొక్కటిగా తీసుకుని, ముందు ఎక్స్‌ప్లెయిన్ అనే మాట చేర్చి, బ్రౌజర్‌లో డేటాబేస్ చూపించే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో నడపండి. జవాబులో టైప్ అనే గడిలో ఆల్ అని, కీ అనే గడిలో నల్ అని ఉంటే టేబుల్ మొత్తం చదువుతోందని అర్థం. రోస్ గడిలో ఎన్ని వరుసలు చదవొచ్చో అంచనా ఉంటుంది. మా ఆర్డర్ వస్తువుల టేబుల్లో రెండు లక్షల పైచిలుకు వరుసలు ఉండేవి. వెతికేది ఒక్క కస్టమర్ కోసం.

క్వెరీలో వేర్ అనే షరతు మాట తర్వాత వచ్చే కాలమ్‌కూ, టేబుళ్ళను కలిపే కాలమ్‌కూ ఇండెక్స్ ఉండాలి. అలాగని కనిపించిన ప్రతి కాలమ్‌కూ పెట్టకండి. కొత్త వరుస చేరిన ప్రతిసారీ ఆ ఇండెక్సులన్నీ కూడా రాయాలి, మెమరీలో చోటూ తింటాయి.

కొత్తవాళ్ళందరి దగ్గరా కనిపించే ఇంకో జబ్బు, లూపులో క్వెరీ. 40 రకాల పచ్చళ్ళ పేజీ అనుకోండి. ముందు జాబితా కోసం ఒక క్వెరీ. ఆ తర్వాత ఒక్కో పచ్చడికీ ధర కోసం ఒకటి, స్టాకు కోసం ఇంకొకటి. మొత్తం 81 క్వెరీలు. మూడు టేబుళ్ళను జాయిన్ చేస్తే ఒక్క క్వెరీతో పోతుంది. లారవెల్, జాంగో లాంటి ఫ్రేమ్‌వర్క్‌లు వాడేవాళ్ళకు ఈ లూపు కంటికి కనిపించదు, మన తరఫున క్వెరీలు రాసే ఓఆర్‌ఎం లోపల దాక్కుంటుంది. పేజీకి ఎన్ని క్వెరీలో లెక్క రాయించమన్నది అందుకే.

వర్డ్‌ప్రెస్ వాడేవాళ్ళయితే ఆప్షన్స్ టేబుల్లో ఆటోలోడ్ అయ్యే డేటా ఎంత ఉందో చూడండి. తీసేసిన ప్లగిన్లు వదిలి వెళ్ళిన చెత్త అక్కడ పేరుకుపోయి, ప్రతి పేజీకీ లోడ్ అవుతూ ఉంటుంది.

నాలుగో అడుగు: కనెక్షన్ల లెక్క

ఇప్పుడు చిన్న గుణకారం. సెకనుకు వచ్చే పేజీ అభ్యర్థనల సంఖ్యను, ఒక్కో పేజీ డేటాబేస్ కనెక్షన్‌ను పట్టుకుని ఉండే సెకన్లతో గుణిస్తే, ఒకేసారి సగటున ఎన్ని కనెక్షన్లు తెరిచి ఉంటాయో వస్తుంది.

ఆ ఏప్రిల్ రాత్రి మాకు సెకనుకు 20 అభ్యర్థనలు వచ్చాయి. ఒక్కోటి కనెక్షన్‌ను సుమారు ఒక సెకను పట్టుకుంది. 20 × 1 = 20. మా హద్దు 15. ఎర్రర్ రాక తప్పదు. ఇండెక్స్ పెట్టాక ఒక్కో పేజీకి 0.05 సెకను పట్టింది. 20 × 0.05 = 1. అదే హోస్టింగ్, అదే రద్దీ, ఒక్క కనెక్షన్‌తో సరిపోయింది.

ఇది సగటు మాత్రమే. జనం ఒక్కసారిగా విరుచుకుపడతారు కాబట్టి మూడు నాలుగు రెట్లు వెసులుబాటు ఉంచుకోండి. ఇంటర్ ఫలితాలు వచ్చే రోజు మార్కులు చూపించే సైటు కట్టేవాళ్ళకు మాత్రం ఈ లెక్కే వేరు. ఏడాదంతా ఖాళీగా ఉండి, ఒక్క గంటలో అందరూ వస్తారు. ఒకసారి ప్రకటించాక ఆ డేటా మారదు కాబట్టి డేటాబేస్ పెంచేకంటే జవాబులను క్యాష్ చేయడం (ఒకసారి వచ్చినదాన్ని దాచుకుని మళ్ళీ మళ్ళీ ఇవ్వడం), లేదా ముందే ఫైళ్ళుగా తయారుచేసి పెట్టుకోవడం మేలు.

ఐదో అడుగు: నిర్ణయం

మూడో అడుగు పూర్తి చేశాక మళ్ళీ ఒక వారం కొలవండి. అప్పటికీ క్రాన్ ఫైల్లో మీకు సంబంధం లేని వేళల్లో ఆలస్యాలు వస్తుంటే, లేదా నాలుగో అడుగు లెక్క హద్దుకు దగ్గరగా ఉంటే మారండి. మీకు కావలసిన వెర్షన్‌గానీ, సెట్టింగ్‌గానీ షేర్డ్‌లో దొరక్కపోయినా మారండి. ఇతరుల డబ్బు లావాదేవీలో, ఆరోగ్య వివరాలో మీ దగ్గర ఉంటే, వేగం సంగతి ఎలా ఉన్నా, షేర్డ్‌లో ఉంచవద్దనే నా అభిప్రాయం.

కాలేజీ ప్రాజెక్టు, షాపు పరిచయం సైటు, రోజుకు వందమంది చదివే కథల సైటు... వీటికి షేర్డ్ హాయిగా సరిపోతుంది. అక్కడ సిగ్గుపడాల్సిందేమీ లేదు. రాత్రిపూట సర్వర్ ప్యాచ్‌లు చూసుకునే పని మీకు తప్పుతుంది.

మారాలని తేలితే, లినక్స్ కమాండ్ లైన్ మీద చేయి తిరిగినవాళ్ళు వీపీఎస్ తీసుకోవచ్చు. లేదంటే మేనేజ్డ్. ధర పోల్చేటప్పుడు మొదటి ఏడాది తగ్గింపు ధర కాకుండా రెన్యూవల్ ధర చూడండి, 18 శాతం జీఎస్టీ కలపండి. మేనేజ్డ్‌లో అయితే మెషీన్ అద్దెతో పాటు స్టోరేజీ, బ్యాకప్ నిల్వ, బయటికి వెళ్ళే డేటా విడివిడిగా బిల్లులో చేరతాయి.

ఆరో అడుగు: ఎంత మెషీన్, ఏ ఊళ్ళో

డేటాబేస్ వేగం ఎక్కువగా మెమరీ మీద ఆధారపడుతుంది. మై ఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే భాగం పేరు ఇన్నోడీబీ. దానికి బఫర్ పూల్ అని ఒకటుంది. డిస్క్ మీదున్న డేటాను, ఇండెక్సులను అక్కడ మెమరీలో పెట్టుకుని మళ్ళీ మళ్ళీ వాడుతుంది. దీని డిఫాల్ట్ 128 ఎంబీ మాత్రమే. కొత్త వీపీఎస్ కొని ఈ అంకె మార్చకుండా వదిలేసి, సొంత సర్వర్ కూడా నెమ్మదిగానే ఉందనుకునేవాళ్ళు చాలామంది. పోస్ట్‌గ్రెస్‌లో ఇలాంటి షేర్డ్ బఫర్స్ డిఫాల్ట్ కూడా 128 ఎంబీయే. అక్కడ మొత్తం మెమరీలో పాతిక శాతంతో మొదలుపెట్టమంటారు.

పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో మీ డేటాబేస్ మొత్తం సైజు కనిపిస్తుంది. మాది 400 ఎంబీ. 2 జీబీ వీపీఎస్‌లో వెబ్ సర్వర్ కూడా అదే మెషీన్ మీద. ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్ 50 ఎంబీ చొప్పున పదింటికి 500 ఎంబీ, బఫర్ పూల్‌కు 512 ఎంబీ, మిగతాది ఆపరేటింగ్ సిస్టమ్‌కు, మై ఎస్‌క్యూఎల్ ఇతర అవసరాలకు. డేటా మొత్తం మెమరీలో పట్టింది. డేటాబేస్ ఒక్కటే నడిచే మెషీన్ అయితే బఫర్ పూల్‌కు 70 శాతం దాకా ఇవ్వచ్చు. ఆశకు పోయి అంతకు మించి ఇస్తే, మెమరీ నిండినప్పుడు లినక్స్ కెర్నల్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపేస్తుంది. ఎక్కువ మెమరీ తినేది డేటాబేసే కాబట్టి తరచుగా వేటు దాని మీదే పడుతుంది.

ఇక ఊరు. అమెజాన్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి రీజియన్లు (డేటా సెంటర్ల సముదాయాలు) ఉన్నాయి. హైదరాబాద్ దగ్గర కదా అని డేటాబేస్ అక్కడ పెట్టి, వెబ్ సర్వర్‌ను అమెరికాలోని పాత హోస్టింగ్‌లోనే వదిలేయకండి. మన దేశానికీ అమెరికాకూ మధ్య ఒక్కో క్వెరీ వెళ్ళి రావడానికి 200 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, ఇందాకటి 81 క్వెరీల పేజీకి 16 సెకన్లు దారిలోనే పోతాయి. డేటాబేస్, వెబ్ సర్వర్ ఒకే డేటా సెంటర్‌లో ఉండాలి. చూసే మనిషి దూరంగా ఉన్నా ఫర్వాలేదు.

ఏడో అడుగు: డేటా మార్చడం, తెలుగు అక్షరాలు కాపాడుకోవడం

ముందు రెండువైపులా వెర్షన్లు చూసుకోండి. షేర్డ్ హోస్టింగుల్లో చాలాచోట్ల ఉండేది మరియాడీబీ. 2009లో మై ఎస్‌క్యూఎల్ నుంచి విడిపోయిన శాఖ అది. పేర్లు, కమాండ్లు దాదాపు ఒకటే అయినా, కొలేషన్ల (అక్షరాలను పోల్చే, వరుస పెట్టే నియమాల) లాంటి చోట తేడాలొచ్చి ఇంపోర్ట్ ఆగిపోతుంది. మై ఎస్‌క్యూఎల్ 8 నుంచి పాత మరియాడీబీకి వెళ్ళేవాళ్ళకు తెలియని కొలేషన్ అనే ఎర్రర్ తరచుగా ఎదురవుతుంది. అందుకే ఒకసారి ఉత్తుత్తి మార్పు, అంటే రిహార్సల్, చేసి తీరాలి.

డేటా మొత్తాన్ని డంప్‌గా, అంటే ఒక ఫైలుగా, తీయడానికి మైఎస్‌క్యూఎల్‌డంప్ వాడండి. సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ పెడితే ఇన్నోడీబీ టేబుళ్ళకు తాళం వేయకుండా, ఒకే క్షణం నాటి చిత్రం వస్తుంది. డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని కూడా రాయండి. ఎస్‌ఎస్‌హెచ్ లేక పీహెచ్‌పీమైఅడ్మిన్ నుంచే తీయాల్సి వస్తే పెద్ద ఫైళ్ళు మధ్యలో ఆగిపోవచ్చు. ఫైలు చివరి లైన్ల దాకా వచ్చిందో లేదో తెరిచి చూడండి.

తెలుగు డేటా ఉన్నవాళ్ళు ఇక్కడ కాస్త నిలబడాలి. మై ఎస్‌క్యూఎల్‌లో పాత యూటీఎఫ్8 అనేది నిజానికి అక్షరానికి 3 బైట్ల దాకానే దాచగలదు. తెలుగు యూనికోడ్ సంకేతాలు ఒక్కోటి 3 బైట్లే కాబట్టి అందులో పడతాయి. ఎమోజీల్లో చాలావరకు 4 బైట్లు, అవి పట్టవు. కస్టమర్ రివ్యూలో నమస్కారం ఎమోజీ పెట్టగానే ఎర్రర్ వచ్చిందంటే కారణం అదే. ఎప్పుడైనా యూటీఎఫ్8ఎంబీ4 వాడాలి.

మార్చాక అక్షరాలు బాగున్నాయో లేదో కంటితో చూస్తే సరిపోదు. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసి బయటికి బాగానే కనిపించవచ్చు. నేను చేసే పరీక్ష ఇది. "ఆవకాయ" అనే మాట ఒక్కటే ఉన్న వరుసను తీసుకుని క్యార్ లెంగ్త్, లెంగ్త్ అనే రెండు ఫంక్షన్లు నడుపుతాను. ఆ, వ, క, దీర్ఘం, య, మొత్తం 5 సంకేతాలు. ఒక్కోటి 3 బైట్లు. కాబట్టి క్యార్ లెంగ్త్ 5, లెంగ్త్ 15 రావాలి. రెండూ 5 వస్తే అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు మిగిలాయి, డేటా పోయింది, డంప్ మళ్ళీ తీయాలి. క్యార్ లెంగ్త్ 15 వచ్చిందంటే ఒక్కో బైటునూ ఒక్కో అక్షరంగా అనుకుని రెండోసారి ఎన్‌కోడ్ చేశారు. ఇది సరిచేయచ్చు కానీ, కొత్త ఆర్డర్లు చేరకముందే సరిచేయాలి. మంచివీ పాడైనవీ ఒకే కాలమ్‌లో కలిసిపోతే విడదీయడం నరకం.

ఎనిమిదో అడుగు: తలుపులు

షేర్డ్‌లో మీకు తెలియకుండానే ఎవరో చేస్తున్న పని ఇప్పుడు మీ మీద పడుతుంది. మై ఎస్‌క్యూఎల్ 3306 పోర్టు అనే తలుపు మీద, పోస్ట్‌గ్రెస్ 5432 మీద వింటాయి. ఇవి ఇంటర్నెట్ మొత్తానికి తెరిచి ఉండకూడదు. వెబ్ సర్వర్, డేటాబేస్ ఒకే మెషీన్ మీద ఉంటే బైండ్ అడ్రస్‌ను 127.0.0.1 గా, అంటే ఆ మెషీన్‌కే పరిమితంగా, ఉంచండి. వేర్వేరు మెషీన్లయితే ప్రైవేట్ నెట్‌వర్క్ అడ్రస్‌కు మాత్రమే ఫైర్‌వాల్‌లో అనుమతి ఇవ్వండి. మీ లాప్‌టాప్ నుంచి చూసుకోవాలంటే ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ ఉంది.

సైటు కోడ్‌లో అన్ని హక్కులూ ఉండే రూట్ యూజర్ పాస్‌వర్డ్ పెట్టవద్దు. ఆ ఒక్క డేటాబేస్‌లో చదవడం, చేర్చడం, మార్చడం, తీసేయడం వరకే హక్కులున్న యూజర్‌ను సృష్టించి అదే వాడండి.

తొమ్మిదో అడుగు: బ్యాకప్

రోజూ రాత్రి ఒక డంప్. అది అదే మెషీన్ మీద ఉంటే బ్యాకప్ కాదు; మెషీన్ పోతే రెండూ పోతాయి. ఇంకో కంపెనీ స్టోరేజీలోకో, కనీసం మీ ఇంటి కంప్యూటర్‌లోకో వెళ్ళాలి. నెలకోసారి ఆ డంప్‌ను ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి, ఆర్డర్ల సంఖ్య సరిపోయిందో, "ఆవకాయ" పరీక్ష నెగ్గిందో చూడండి. మేనేజ్డ్ సేవలో ఉన్నవాళ్ళు కూడా ఇది చేయాలి. ఆర్‌డీఎస్ తన ఆటోమేటిక్ బ్యాకప్‌లను గరిష్ఠంగా 35 రోజులే ఉంచుతుంది. ఆర్నెల్ల కిందటి పొరపాటు ఇవాళ బయటపడితే అక్కడ దొరకదు.

వీపీఎస్ వాళ్ళకు ఒక ప్రత్యేక విషయం. మై ఎస్‌క్యూఎల్ 8లో బైనరీ లాగ్ (డేటాలో జరిగే ప్రతి మార్పునూ రాసుకునే చిట్టా) డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, 30 రోజుల లాగులు దాస్తుంది. నిన్నటి డంప్ తర్వాత జరిగినవన్నీ తిరిగి తెచ్చుకోవడానికి అది ప్రాణం లాంటిది. కానీ చిన్న డిస్కును అదే నింపేస్తుంది. మా సర్వర్ మారిన మూడో వారం డిస్క్ నిండి ఆర్డర్లు ఆగిపోయాయి. గడువును 7 రోజులకు తగ్గించి, డిస్క్ 80 శాతం దాటితే మెయిల్ వచ్చేలా పెట్టుకున్నాను. మీరు మొదటి రోజే పెట్టుకోండి.

మారే రోజు

రద్దీ తక్కువగా ఉండే వేళ ఎంచుకోండి. మాకు అమెరికా కస్టమర్లు ఉన్నారు కాబట్టి మన రాత్రి పనికిరాదు. మధ్యాహ్నం రెండింటికి పెట్టుకున్నాం, అప్పుడు వాళ్ళు నిద్రలో ఉంటారు. సైటు కూడా కొత్త మెషీన్‌కు మారుతుంటే రెండు రోజుల ముందే డీఎన్‌ఎస్ టీటీఎల్‌ను, అంటే మీ డొమైన్ చిరునామాను ఇతర సర్వర్లు గుర్తుంచుకునే గడువును, 300 సెకన్లకు తగ్గించండి.

ముందుగా పాత సైటును మెయింటెనెన్స్ పేజీ మీద పెట్టండి. ఇది మానేస్తే కొన్ని ఆర్డర్లు పాత డేటాబేస్‌లో, కొన్ని కొత్తదాంట్లో పడతాయి. తర్వాత చివరి డంప్ తీసి, కొత్తదాంట్లో ఎక్కించండి. ప్రతి టేబుల్లో వరుసల సంఖ్య రెండువైపులా పోల్చండి. కాన్ఫిగ్ ఫైల్లో హోస్ట్, యూజర్, పాస్‌వర్డ్ మార్చండి. మీరే ఒక ఆర్డర్ పెట్టి, డబ్బు కట్టి, క్యాన్సిల్ చేసి చూడండి. అన్నీ సరిగా ఉంటేనే తెరవండి.

మాకు మొత్తం 25 నిమిషాలు పట్టింది. పిన్ని పక్కనే కూర్చుని, మెయింటెనెన్స్ పేజీ తీసేయగానే తన ఫోన్‌లో పావుకిలో గోంగూర ఆర్డర్ పెట్టి, డబ్బు కట్టిన మెసేజ్ వచ్చేదాకా నన్ను లేవనివ్వలేదు.

క్రాన్ జాబ్‌ను కొత్త సర్వర్‌లో కూడా అలాగే నడవనివ్వండి, పాత అంకెలతో పోల్చుకోవడానికి. పాత అకౌంట్‌ను వెంటనే మూసేయకుండా 15 రోజులు ఉంచండి. మూసే ముందు దాంట్లోంచి ఒక ఆఖరి డంప్, అప్‌లోడ్ చేసిన ఫోటోల ఫోల్డర్, క్రాన్ జాబుల జాబితా, ఆ డొమైన్ మీద నడుస్తున్న ఈమెయిల్ ఖాతాలు దించుకోండి. ఈమెయిల్ సంగతి చాలామంది మర్చిపోతారు. డేటాబేస్ కొత్త ఇంటికి చేరినా, ఆర్డర్ మెయిళ్ళు ఇంకా ఆ పాత షేర్డ్ అకౌంట్ నుంచే వెళ్తూ ఉండవచ్చు.